‘పూర్తి ప్రయత్నం’ నియమం, ప్రేక్షకుల ఆగ్రహం: ఒక స్టాక్ కార్ ట్రాక్ కేసు

ఈ కేసు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని ఒక చిన్న స్టాక్ కార్ ట్రాక్‌ది. ట్రాక్ పేరు, ఊరు, డ్రైవర్ల పేర్లు, కార్ల నంబర్లు, జరిగిన సంవత్సరం రాయడం లేదు. ఎవరినీ పోల్చుకునే వీలు లేకుండా కొన్ని చిన్న వివరాలు మార్చాను. ట్రాక్ యాజమాన్యాలకూ ప్రేక్షకులకూ మధ్య తగాదా వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం, ఫిర్యాదులు వినే పద్ధతులు ఏర్పరచడం నా వృత్తి. నేను చూసిన కేసుల్లో రాయడానికి దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండు తప్పులు చేశాను. రెండూ ఎక్కడ జరిగాయో వేలు పెట్టి చూపించగలను.

నేపథ్యం

తెలుగు పాఠకులకు స్టాక్ కార్ రేసు గురించి కొంత చెప్పాలి. దుకాణంలో అమ్మే కారునే పెద్దగా మార్చకుండా పోటీకి దించడం అన్న అర్థంలో ఆ పేరు పుట్టింది. ఈ రేసులు నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగిన దాని మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ రేసులో గ్లెన్ డనవే అందరికంటే ముందు గీత దాటాడు. తనిఖీలో ఆ కారు వెనక స్ప్రింగులను మార్చినట్టు తేలింది. అతన్ని తప్పించి జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఈ ఆటలో గెలవడం ఎంత పాతదో, గెలుపును వెనక్కి తీసుకోవడమూ అంత పాతదే.

స్ప్రింగు కంటికి కనబడుతుంది, కొలతకు అందుతుంది. 2022 జులైలో పొకోనో ట్రాక్‌లో మొదటి, రెండో స్థానాల్లో వచ్చిన డెనీ హామ్లిన్, కైల్ బుష్ ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించినప్పుడు కూడా కారణం చూపించగలిగినదే: కారు ముందు భాగంలో ఉండకూడని చోట అదనంగా ఒక పొర టేపు. గెలుపు చేజ్ ఇలియట్‌కు వెళ్లింది. ప్రేక్షకులు నొచ్చుకున్నారు, ‘ఒక్క టేపు ముక్కకా’ అని వాదించారు. కానీ టేపు ఉందా లేదా అన్న వాదన రాలేదు.

మనసును కొలవాల్సి వచ్చినప్పుడే చిక్కు. 2013 సెప్టెంబర్ 7న రిచ్‌మండ్‌లో అదే జరిగింది. టైటిల్ పోరుకు ఎవరు అర్హులో తేల్చే ఆఖరి రేసు అది. ఏడు ల్యాప్‌లు (ట్రాక్ చుట్టూ ఒక్కో చుట్టు ఒక ల్యాప్) మిగిలుండగా క్లింట్ బోయర్ కారు గిర్రున తిరిగింది, అందరినీ నెమ్మదింపజేసి మళ్లీ దగ్గరకు చేర్చే పసుపు జెండా లేచింది. ముందున్న రయన్ న్యూమన్ అవకాశం చేజారింది, బోయర్ సహచరుడు మార్టిన్ ట్రూయెక్స్‌కు దారి తెరుచుకుంది. తిప్పడానికి కాస్త ముందు రేడియోలో బోయర్‌ను ‘చెయ్యి నొప్పిగా ఉందా? గోక్కో’ అన్న మాటలు అందరూ విన్నారు. అయినా ఆ తిప్పడం కావాలని చేసినదేనని తేల్చలేకపోయామని నాస్కారే చెప్పింది. శిక్ష పడింది మరో మాటకు. అదే జట్టులోని మూడో డ్రైవర్ బ్రయన్ వికర్స్‌ను, సహచరుడికి పాయింటు కలిసొచ్చేలా పిట్‌లోకి (రేసు మధ్యలో కారు ఆపి టైర్లు మార్చే చోటు) వచ్చేయమని రేడియోలో సూటిగా చెప్పారు. జట్టుకు 3 లక్షల డాలర్ల జరిమానా, ముగ్గురు డ్రైవర్లకూ తలా 50 పాయింట్ల కోత పడ్డాయి. ట్రూయెక్స్ స్థానం న్యూమన్‌కు దక్కింది. సెప్టెంబర్ 13న జెఫ్ గోర్డన్‌ను పదమూడో పోటీదారుగా చేర్చారు. మర్నాడే, డ్రైవర్లు తమ సామర్థ్యంలో 100 శాతంతో పోటీ పడాలన్న నియమం వచ్చింది. దాని వెంటే బేరాలు కుదుర్చుకోరాదని, స్పాటర్ల (ఎత్తు నుంచి చూస్తూ డ్రైవరుకు రేడియోలో దారి చెప్పేవాళ్లు) వేదిక మీద ఒక్కో జట్టుకు ఒక్కరే ఉండాలని ఆంక్షలు వచ్చాయి.

పదకొండేళ్ల తర్వాత, 2024 నవంబర్ 3న మార్టిన్స్‌విల్‌లో ఆ నియమానికి మళ్లీ పరీక్ష వచ్చింది. ఆఖరి టైటిల్ పోరుకు, చివరి ల్యాప్‌లో గోడకు ఆనించి కారు నడిపిన క్రిస్టఫర్ బెల్ అర్హుడా, విలియం బైరన్ అర్హుడా అన్నది రేసు ముగిసిన దాదాపు అరగంట దాకా తేలలేదు. చివరికి బైరన్‌ను ఉంచారు. రెండు రోజుల తర్వాత, ఫలితాన్ని ప్రభావితం చేశారని మూడు జట్లకూ వాటి డ్రైవర్లకూ కలిపి 6 లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఆ అరగంటలో స్టాండ్లలో కూర్చున్నవాళ్ల మనసులో ఏం జరుగుతుంటుందన్నదే నా వృత్తికి అసలు విషయం.

సమస్య

నన్ను పిలిచిన ట్రాక్ చుట్టుకొలత మైలులో అర భాగం కంటే తక్కువ. శనివారం రాత్రి రేసులు. ఒకే కుటుంబంలో మూడు తరాలవాళ్లు ఒకే వరుసలో కూర్చునే చోటు. ముందటి సీజన్ ఆఖరి రాత్రి ఒక జట్టులోని డ్రైవర్ తన సహచరుడికి బాహాటంగా దారి ఇచ్చాడు. ఆ ఏడాది టైటిల్ ఒక్క పాయింటుతో అటు వెళ్లిపోయింది. జనం మండిపడ్డారు. యాజమాన్యం చలికాలంలో కొత్త నియమం రాసింది: ప్రతి డ్రైవరూ పూర్తి ప్రయత్నం చేయాలి, కావాలని దారి ఇచ్చాడని అధికారులు భావిస్తే ఆ జట్టు కార్లను ఆ రాత్రి ఫలితాల్లో అట్టడుగుకు నెడతారు.

దాన్ని ప్రకటించిన రోజు చప్పట్లు కొట్టారు. ‘భావిస్తే’ అన్న ఆ మాట మీద ఎవరి చూపూ ఆగలేదు.

ఆరో వారం, వంద ల్యాప్‌ల పెద్ద రేసు. ముందున్న డ్రైవరు ఊళ్లో అందరికీ ఇష్టమైన కుర్రవాడు. వెనకే సహచరుడు. 98వ ల్యాప్‌లో, మూడో మలుపు దగ్గర ముందున్న కారు లోపలి దారి వదిలి పైకి జరిగింది. సహచరుడు లోపలి నుంచి దాటి గెలిచాడు. సోమవారం మధ్యాహ్నం ఒకే ఒక్క వాక్యంతో నిర్ణయం వెలువడింది: ఇద్దరూ నియమాన్ని ఉల్లంఘించారు, మూడో స్థానంలో వచ్చిన డ్రైవరే విజేత.

తర్వాతి శనివారం డ్రైవర్ల పరిచయం జరుగుతుంటే స్టాండ్లలో ఒక భాగం మొత్తం లేచి ట్రాక్‌కు వీపు చూపి నిలబడింది. సీజన్ టికెట్లు వెనక్కి తీసుకోమని కొందరు ఆఫీసు ముందు వరుస కట్టారు. ‘నియమం కావాలన్నది వీళ్లే, అమలు చేస్తే తిడుతున్నదీ వీళ్లే’ అని యజమాని నాతో ఫోనులో అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ వినిపించింది.

మొదటి ప్రయత్నాలు, అవి ఎందుకు చెడ్డాయి

నాకు అప్పగించిన పని ‘జనానికి నియమం అర్థమయ్యేలా చెప్పండి’ అని. ఆ రోగ నిర్ధారణను నేను ప్రశ్నించకుండా ఒప్పుకున్నాను. నా తర్కం ఇది: చలికాలంలో స్వాగతించినవాళ్లు ఇప్పుడు ఎదురు తిరిగారంటే వివరాలు తెలియక తిరిగారు. తెలియజేస్తే చల్లబడతారు. ఒక్క పేజీ కరపత్రం రాసి గేటు దగ్గర పంచాం. నియమం, దాని అవసరం, శిక్షల పట్టిక అన్నీ అందులో ఉన్నాయి. రాత్రి రేసులయ్యాక స్టాండ్ల కింద వంగి చూస్తే వందల కాగితాలు. వాటిలో చాలావాటికి మడత కూడా పడలేదు.

పిల్లవాడిని భుజాన వేసుకున్న ఒకావిడ నా దగ్గర ఆగి, ‘నియమం మాకు తెలుసండీ. ఆ రోజు మీరు ఏం చూశారో చెప్పండి’ అన్నారు. అసలు సమస్య మొత్తం ఆ మాటలో ఉంది. నేను దాన్ని రాసుకున్నాను కూడా. కానీ దాని బరువు అందలేదు.

రెండో ప్రయత్నం ముఖాముఖి సమావేశం. అరవైమంది దాకా వచ్చారు. రేసు డైరెక్టరు చివరి మూడు ల్యాప్‌ల వీడియో వేశారు. అది మరింత బెడిసికొట్టింది. ఒకే దృశ్యం చూసి సగంమంది ‘చూడండి, వదిలేశాడు’ అన్నారు, సగంమంది ‘చూడండి, జారిపోయాడు’ అన్నారు. మూడు ల్యాప్‌ల వీడియో ఎవరి నమ్మకాన్ని వాళ్లకు గట్టి చేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. డైరెక్టరు మంచి మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారు. ‘ఇన్నేళ్లుగా చూస్తున్నాను, నాకు తెలుస్తుంది’ అన్నారు. ఆ మాటతో గది మొత్తం చేజారింది.

ఆ రాత్రి నోట్సు ముందేసుకుని కూర్చుంటే ఒక విషయం తేలింది. నేను ఒక గుంపుగా చూస్తున్న జనంలో నిజానికి మూడు రకాలవాళ్లున్నారు. మొదటి రకానికి నియమమే ఇష్టం లేదు. సహచరుడికి సాయం చేయడం రేసులో భాగమే అంటారు, అదీ నిజాయితీ గల అభిప్రాయమే. రెండో రకం వాళ్లు నియమం కావాలంటారు, కానీ అది మనిషిని బట్టి మారుతుందని భయపడతారు. మూడో రకం వాళ్లకు నియమంతోనూ సూత్రాలతోనూ పని లేదు. తమ కుర్రవాడు అబద్ధాలకోరు అని ఊరంతా అనుకోవడమే వాళ్ల బాధ. నా కరపత్రం ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు కాదు. నియమం తెలియనివాళ్లకు అది జవాబు. అలాంటివాళ్లు అక్కడ లేరు.

నోటు పుస్తకం

సమావేశం నుంచి అందరూ వెళ్లిపోయాక ఒక పెద్దాయన కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నారు. మెడలో స్కానర్ హెడ్‌ఫోన్లు. డ్రైవర్ల రేడియో సంభాషణ వినడానికి చాలామంది వాటిని తెచ్చుకుంటారు. జేబులోంచి స్ప్రింగు బైండు చిన్న నోటు పుస్తకం తీశారు. అట్ట మూలలు నలిగి నల్లబడ్డాయి. దశాబ్దాలుగా స్టాప్‌వాచీతో ప్రతి ల్యాప్ కొలిచి పెన్సిలుతో రాసుకోవడం ఆయన అలవాటు. ఆ రాత్రి పేజీలో రెండు నిలువు వరుసలున్నాయి. ఎడమ వరుస ముందున్న కారుది. 82వ ల్యాప్ దగ్గర 15.9 సెకన్లు. అక్కడి నుంచి 16.0, 16.0, 16.1, 16.2. 90వ ల్యాప్‌కు 16.3. 96కి 16.5. దాటనిచ్చాడన్న 98లో 16.6, ఆ తర్వాత 16.7. కుడి వరుస సహచరుడిది. 16.1 చుట్టూనే తిరుగుతోంది.

‘దారి ఇచ్చేవాడి వేగం ఒక్కసారిగా పడుతుంది’ అన్నారాయన, పెన్సిలు మొనతో వరుసంతా మెల్లగా గీస్తూ. ‘ఇది మెట్లు దిగినట్టు దిగింది. కుడి వెనక టైరు అయిపోయింది.’

ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాక్‌లో ఎక్కువ భారం కుడి టైర్ల మీద పడుతుంది. వెనక టైరు పట్టు పోతే కారు మలుపులో తనంతట తానే పైకి జారుతుంది. బయటి నుంచి చూస్తే లోపలి దారి వదిలినట్టే ఉంటుంది.

మర్నాడు నేను ట్రాన్స్‌పాండర్ రికార్డు అడిగాను. ప్రతి కారు అడుగున ఉండే చిన్న పరికరం అది, గీత దాటిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది. వంద ల్యాప్‌ల లెక్కా ట్రాక్ దగ్గరే ఉంది. పెద్దాయన పెన్సిలు అంకెలతో పోలిస్తే ఎక్కడా తేడా పదో వంతు సెకను దాటలేదు. అధికారులు చివరి ఐదు ల్యాప్‌లే చూశారు. రేడియో మాటలైతే ట్రాక్ రికార్డు చేయనే లేదు. స్పాటరు ‘మనవాడు వస్తున్నాడు, తొందరపడి గోడకు కొట్టకు’ అన్న ఒక్క మాట ఒక అధికారి చెవిన పడింది. దాన్ని ఆజ్ఞగా తీసుకున్నారు. అది ఆజ్ఞ కావచ్చు, అలసిన టైర్లతో ఉన్న కుర్రవాడికి చెప్పిన జాగ్రత్త కూడా కావచ్చు. రిచ్‌మండ్‌లో నాస్కార్ ఏ మాటకు శిక్ష వేయకుండా ఆగిందో, మా ట్రాక్ సరిగ్గా అలాంటి మాటకే శిక్ష వేసింది.

వెనక్కి తీసుకోవాలా?

ఇది కేసులోకెల్లా కష్టమైన నిర్ణయం. నియమావళి ప్రకారం మంగళవారం సాయంత్రం దాటితే ఫలితం ఖాయం. యజమాని అభ్యంతరం బలమైనదే: ఇప్పుడు మారిస్తే అరిచినవాళ్లకు లొంగినట్టవుతుంది, రేపు ప్రతి నిర్ణయానికీ అరుస్తారు. నేను రెండు కారణాలు చెప్పాను. గడువు పెట్టింది జట్లు ఎప్పటికీ పోట్లాడుకోకుండా ఉండటానికి, ట్రాక్ తన తప్పును దాచుకోవడానికి కాదు. రెండోది, లొంగడానికీ సరిదిద్దుకోవడానికీ తేడా కాగితం మీద కనబడుతుంది. అంకెలు చూపించి మారిస్తే అది సరిదిద్దుకోవడం. చూపించకుండా మారిస్తేనే లొంగడం.

రెండు రోజులు మాట్లాడాం. చివరికి శిక్ష ఎత్తేశారు, గెలుపూ పాయింట్లూ సహచరుడికి తిరిగి ఇచ్చారు, మూడో డ్రైవరుకు ఇచ్చిన బహుమతి సొమ్ము అతని దగ్గరే ఉండనిచ్చారు. శనివారం రేసులకు ముందు డైరెక్టరే మైకు తీసుకుని రెండు వరుసల అంకెలూ చదివారు. ‘మేము ఐదు ల్యాప్‌లే చూశాం. వందా చూడాల్సింది’ అన్నారు. స్టాండ్లలో చాలాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత చప్పట్లు.

కానీ నా రెండో తప్పు అప్పుడే జరిగింది. మూడో డ్రైవరుకు ముందుగా ఎవరూ చెప్పలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, కొన్ని వారాల క్రితం తన చేతికి ఇచ్చిన గెలుపు ఇప్పుడు తనది కాదన్న మాట అతను లౌడ్ స్పీకరులో విన్నాడు. వాళ్లమ్మ, నాన్న స్టాండ్లలో ఉన్నారు. అతను చేసిన తప్పేమీ లేదు. 2013లో ట్రూయెక్స్‌కు కూడా తాను చేయని పనికే స్థానం పోయింది. ఆ ఉదాహరణ నాకు కంఠతా తెలిసి కూడా, నా కళ్లముందున్న మనిషి నాకు కనబడలేదు. అతని అభిమానులు ఆ రాత్రి మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వాళ్ల కోపం న్యాయమైనది.

పనికొచ్చినవి

నియమాన్ని తిరగరాశాం. ‘భావిస్తే’ తీసేసి ‘ఆధారం చూపగలిగితే’ అని పెట్టాం. ఆధారం అంటే మూడు: రేడియోలో సూటిగా చెప్పిన ఆజ్ఞ, మెట్లు మెట్లుగా కాకుండా ఒక్కసారిగా పెరిగిన ల్యాప్ సమయం, యాంత్రిక కారణం లేకుండా పిట్‌లోకి రావడం. వీటిలో రెండు కలిస్తేనే శిక్ష. అనుమానం ఎంత బలంగా ఉన్నా ఒక్కటే ఉంటే ఫలితం కదలదు. దీనివల్ల కొందరు దోషులు తప్పించుకుంటారని యజమాని అన్నారు. తప్పించుకుంటారు. జట్లు సంకేత భాషలు వాడతాయి, చెయ్యి గోక్కోమన్నట్టు. ఆ నష్టాన్ని తెలిసే ఒప్పుకున్నాం. ఎందుకంటే చూపించలేని నేరానికి వేసిన ఒక్క శిక్ష, తప్పించుకున్న పదిమంది కంటే ఎక్కువ మందిని స్టాండ్ల నుంచి లేపేసింది.

ఒక ల్యాప్ వెనకబడిన కారు ముందున్నవాళ్లకు దారి ఇవ్వడం నియమంలోకి రాదని విడిగా రాశాం. అది మర్యాద, బేరం కాదు. మొదటి రకం ప్రేక్షకుల్లో ఉన్న ఒక మాజీ డ్రైవరు పట్టుబట్టి చేర్పించిన వాక్యమది. ఆ వాక్యం లేకుంటే నియమం రెండో వారానికే మళ్లీ చిక్కుల్లో పడేది.

జట్ల రేడియోలన్నీ రికార్డు చేయడం మొదలుపెట్టాం. నిర్ణయం అదే రాత్రి, జనం ఇళ్లకు బయలుదేరక ముందే రావాలి, నలభై నిమిషాల్లో తేలకపోతే ఫలితం అలాగే ఉంటుందని గడువు పెట్టాం. సోమవారం మధ్యాహ్నం వచ్చిన ఆ ఒక్క వాక్యం ప్రేక్షకుల కడుపులో రెండు రోజులు మరిగింది కాబట్టే అంత విషమైంది.

విచారణ ఎక్కడ జరగాలన్న ఆలోచన మాత్రం నాకు మా ఊరి నుంచి వచ్చింది. నా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగేవి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ఎడ్ల పళ్లను బట్టి విభాగాలు చేసేవాళ్లు. పెద్దలు ఎద్దు నోరు తెరిచి చూసేది మైదానం మధ్యలో, అందరి ముందూ. అనుమానం ఉన్న రైతు తాడు దాటి వచ్చి తానూ పళ్లు చూసుకునేవాడు. ఇక్కడ మాత్రం తనిఖీ షెడ్డు వెనక, తలుపు మూసి జరిగేది. దాన్ని కంచె పక్కకు తెచ్చాం. రేసు అయ్యాక కంచెకు ఆనుకుని నిలబడితే కారు కింద టేపు కొలత పెట్టడం కనబడుతుంది, ల్యాప్ సమయాల తెర కనబడుతుంది, అధికారులు మాట్లాడుకునేది వినబడుతుంది. మొదటి వారం అధికారులకు చెమటలు పట్టాయి. మూడో వారానికి వాళ్లే పిల్లలను పిలిచి కొలత ఎలా పెడతారో చూపిస్తున్నారు.

ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది. ఒక డ్రైవరు 15.9 నుంచి ఒక్క ల్యాప్‌లో 16.9కి పడ్డాడు. రేడియోలో ‘నీకు చాలు, వాడిని పోనివ్వు’ అన్న మాట స్పష్టంగా రికార్డయింది. ఇరవై ఐదు నిమిషాల్లో నిర్ణయం వచ్చింది. డైరెక్టరు అంకెలు చదివి, రికార్డు వినిపించారు. ఆ జట్టు అభిమానులు గట్టిగా అరిచారు, వాళ్లకు ఆ హక్కుంది. సోమవారం ఆఫీసుకు ఎవరూ రాలేదు. తర్వాతి శనివారం వాళ్లు అదే వరుసలో కూర్చున్నారు, అవే టోపీలతో.

నియమమే వద్దన్న మొదటి రకం వాళ్లలో ఎక్కువమంది అభిప్రాయం మార్చుకోలేదు. మార్చుకోవాలని నేను ఇప్పుడు ఆశించడం లేదు. పని మొదలుపెట్టిన రోజు అందరినీ ఒప్పించడమే నా లక్ష్యం. ముగించేనాటికి, ఒప్పుకోనివాళ్లు కూడా ఏ ఆధారం మీద ఓడిపోయామో తమ కళ్లతో చూడగలగాలి అన్నదే లక్ష్యంగా మిగిలింది.

సీజన్ ముగిశాక నేను మూడో డ్రైవరు షెడ్డుకు వెళ్లాను. కారు కింద పడుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. నేను చెప్పవలసింది చెప్పాను. అతను కారు కింద నుంచే, ‘అంకెలతో నాకు పేచీ లేదు. ముందు ఒక ఫోను చేసి ఉండాల్సింది’ అన్నాడు. ఆ ట్రాక్‌లో ఇప్పుడు అధికారుల చేతిలో ఉండే పద్ధతుల కాగితంలో మొదటి వరుస ఇది: ఫలితం మారితే స్థానం పోయే ప్రతి డ్రైవరుకూ, మైకులో చెప్పే ముందు, ఎదురుగా నిలబడి చెప్పాలి.